పాత జర్మన్ కారు – కొనేముందు, కొన్న తరువాత

మన సరిహద్దు పల్లెలలో ఇటీవల ఒక కొత్త ముచ్చట కనబడుతున్నది. ఒకప్పుడు మోటారు సైకిలు కోసం మారాం చేసిన యువకులు ఇప్పుడు పాత బెంజి, పాత బి.ఎం.డబ్ల్యు., పాత ఫోక్స్‌వ్యాగన్ కార్ల గురించి మాట్లాడుకొంటున్నారు. ఫోనులో ఫోటో చూపి, "కొత్త చిన్న కారు ధరలో సగానికే బెంజి వస్తుంది" అని పెద్దలను ఒప్పించ జూస్తున్నారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే కారు ఎందుకు అంత చవకగా వస్తున్నదో, ఇంటికి వచ్చిన తరువాత అది ఏమేమి అడుగుతుందో తెలిసి కొనేవారు తక్కువ. తెలియక కొన్న ఒక కుటుంబం కథ నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది మా అక్కగారి కుటుంబమే. వారి అనుభవాన్ని ఆధారంగా చేసుకొని, ఇటువంటి కార్లను ఎలా ఎంచుకోవాలో, ఎలా బాగుచేసుకోవాలో, ఎంతవరకు మార్చుకోవచ్చో ఈ వ్యాసంలో వివరించదలచాను.

కరిసల్ నేలలో ఒక బెంజి

తమిళనాట దక్షిణాన విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతం నల్లరేగడి నేల. తమిళులు దానిని కరిసల్ భూమి అంటారు. శతాబ్దాల క్రిందట తెలుగు దేశం నుండి తరలి వెళ్లిన కుటుంబాలు అక్కడి పల్లెలలో నేటికీ ఇంటిలో తెలుగు మాట్లాడుతున్నవి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామానికి చెందిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ అటువంటి తెలుగు కుటుంబంలో జన్మించినవారే. ఆ వలస కథను ఆయన "గోపల్ల గ్రామం" అనే నవలగా వ్రాశారు. మా అక్కను ఇచ్చినది ఆ ప్రాంతానికే.

మా మేనల్లుడు శివకాశిలో ఆఫ్‌సెట్ అచ్చు యంత్రం మీద పనిచేస్తాడు. జర్మన్ యంత్రంతో చేయి తిరిగినవాడు కనుక జర్మన్ కారు మీద మోజు కలిగినది. 2024 వేసవిలో ఉత్తరాది నుండి వచ్చిన 1996 నాటి బెంజి ఇ 220 కారును ఒక మధ్యవర్తి ద్వారా కొన్నాడు. అందులో సగం సొమ్ము మా బావ బోరు వేయించడానికి దాచినది. మొదటి నెల ఊరంతా వచ్చి చూసిపోయినది. రెండవ నెలలో ఒక మధ్యాహ్నం సాత్తూరు దగ్గర జాతీయ రహదారి మీద నాకు ఫోను వచ్చినది. "మామా, కారు ఆగిపాయ. మళ్లీ స్టార్టు కాలేదు" అన్నాడు. అప్పటినుండి నాలుగు నెలల పాటు ఆ కారు కదిలిన రోజులకంటె నిలిచిన రోజులే ఎక్కువ.

జర్మన్ యంత్రం మనకు కొత్తది కాదు

పాత జర్మన్ కారు అనగానే అది మన మెకానిక్కులకు అంతుపట్టని వస్తువని భయపడనక్కరలేదు. జర్మన్ యంత్ర విద్య మన ఊళ్లకు కారుకంటె ముందు లారీ రూపంలో వచ్చినది. 1954లో టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూరులో లారీల తయారీ ఆరంభించినది. 1969 వరకు ఆ ఒప్పందం సాగినది. ముందు భాగంలో మూడు కోణాల నక్షత్రం ఉన్న ఆ లారీలను పెద్దలు మరచిపోయి ఉండరు. అలాగే 1951లో స్థాపితమైన మైకో సంస్థ జర్మనీలోని బాష్ కంపెనీ శాఖ. 2008లో దాని పేరే బాష్‌గా మారినది. మన మెకానిక్కులు "మైకో పంపు" అని పిలిచే డీజిల్ పంపు ఆ విద్యకు చెందినదే.

అందుచేత లారీలు, ట్రాక్టర్లు బాగుచేసే వృద్ధ మెకానిక్కు పాత బెంజి డీజిల్ ఇంజను ముందు నిలబడితే అతనికి అది పరాయిదిగా తోచదు. 1976 నుండి 1980ల నడుమ వరకు తయారైన డబ్ల్యు 123 శ్రేణి బెంజి కార్లు ప్రపంచంలో సుమారు 27 లక్షలు అమ్ముడైనవి. అనేక దేశాలలో అవి టాక్సీలుగా దశాబ్దాల పాటు నడిచినవి. వాటిలో కంప్యూటరు పాత్ర అత్యల్పం. చెవితో వినికిడి, చేతితో స్పర్శ తెలిసినవాడు వాటిని బాగుచేయగలడు.

1990ల తరువాతి కార్ల సంగతి వేరు. వాటిలో ఇంజనుకు కంప్యూటరు వచ్చినది, తీగలు పెరిగినవి, ప్లాస్టిక్ పెరిగినది. మెకానిక్కుకు స్పానరుతో పాటు స్కానరు కూడా అవసరమైనది. కాబట్టి "పాత జర్మన్ కారు" అన్న ఒక్క మాటలో రెండు తరాలు ఉన్నవని కొనేవారు గుర్తించవలెను.

మన దేశంలో దొరికేవి ఏవి?

బెంజి కార్ల తయారీ మన దేశంలో 1995లో పూణేలో ఆరంభమైనది. డబ్ల్యు 124 శ్రేణికి చెందిన ఇ 220 పెట్రోలు, ఇ 250 డీజిల్ కార్లు అక్కడివే. ఓపెల్ ఆస్ట్రా 1996లో గుజరాత్‌లోని హలోల్‌లో, ఓపెల్ కోర్సా 2000లో వచ్చినవి. ఆ పేరు 2006లో మన విపణి నుండి తొలగినది. బి.ఎం.డబ్ల్యు. 2007లో చెన్నై సమీపంలో కర్మాగారం తెరచినది. ఫోక్స్‌వ్యాగన్ పోలో 2010లో వచ్చి 2022లో ఆగినది. మొదటి పోలోలకు 2025లోనే 15 ఏళ్లు నిండినవి. కొత్తదనుకొన్న బండి కూడా చట్టం దృష్టిలో ఇప్పుడు పాతదే.

వీటిలో తయారీ ఆగిపోయినవాటికి విడిభాగాల కొరత ఒకేలా ఉండదు. బెంజి వంటి సంస్థలు పాత నమూనాలకు సైతం భాగాలు సరఫరా చేస్తున్నవి. అవి ఖరీదైనవి, కాని దొరుకుతవి. ఓపెల్ వంటి పేర్లకు వెతుకులాట ఎక్కువ. కాబట్టి కారు రంగు చూడకముందే దాని అయిల్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్చి ప్లేటు ఎక్కడ దొరుకునో, ఎంత ధరకో విచారించవలెను. ఈ మూడింటి ధర తెలిస్తే ఆ కారు స్వభావం సగం తెలిసినట్లే.

చవకకు కారణం

ఉత్తరాది నుండి వచ్చే కార్లు చవకగా ఉండడానికి ఒక కారణం ఉన్నది. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 సంవత్సరాలలో ఆదేశించినది. 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచినది. 2025లో ఆ ఆదేశాల అమలులో సుప్రీంకోర్టు కొన్ని మార్పులు చేసినా, అంతకు ముందే అనేక కార్లు నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు తరలివచ్చినవి. అక్కడ నడపలేని బండిని యజమాని వచ్చినంతకు వదిలించుకొంటాడు. అమ్మబోయే ముందు దానిమీద ఖర్చు పెట్టేవారు అరుదు. మా మేనల్లుడు కొన్న కారు మెరుగు పెట్టిన రంగుతో, అరిగిన రబ్బరుతో వచ్చినది.

రోగం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడం

ఆ కారును మొదట ఒక పెద్ద ఊరి వర్క్‌షాపుకు చేర్చారు. వారు పెట్రోలు పంపు మార్చారు, కాయిలు మార్చారు, ప్లగ్గులు మార్చారు. ప్రతిసారి బిల్లు పెరిగినది, లోపం మాత్రం తిరిగివచ్చినది. చివరకు విరుదునగర్‌లో లారీ షెడ్డులో పనిచేసే ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు తీసుకొని వెళ్లాము. ఆ ప్రాంతంలో పెద్దవారిని గౌరవంగా "అణ్ణాచ్చి" అని పిలుస్తారు. అణ్ణాచ్చి ఏ భాగమూ విప్పలేదు. ఇంజను పైనున్న మూత తీసి, అక్కడి తీగల కట్టలో ఒక తీగను వేళ్లతో మెల్లగా వంచాడు. దాని పైతొడుగు అప్పడంలాగ పొడిపొడిగా రాలినది. లోపలి రాగి బయటపడి పక్క తీగను తాకుతున్నది.

ఇది ఒక్క కారు దోషం కాదు. 1990ల మొదటి సగంలో తయారైన పలు బెంజి పెట్రోలు ఇంజన్లలో తీగల తొడుగు వేడికి ఎండి రాలిపోవడం ప్రపంచమంతటా మెకానిక్కులకు తెలిసిన విషయం. తీగల కట్ట మొత్తం మార్చడమే దానికి మందు. టేపు చుట్టితే కొన్ని వారాలు నడిచి మళ్లీ ఆగుతుంది. ముందు తెలిసి ఉంటే మూడు బిల్లులు మిగిలేవి.

ప్రతి నమూనాకు ఇటువంటి పుట్టు లోపాలు ఒకటో రెండో ఉంటవి. ముఖ్యమైనవి కొన్ని చెబుతాను.

పాత బెంజి డీజిల్ కార్లలో తాళం తిప్పినా ఇంజను ఆగకపోతే భయపడరాదు. వాటిలో ఇంజను ఆపడం, తలుపులు బిగించడం గాలి పీల్పుడు ద్వారా జరుగుతుంది. సన్నని రబ్బరు గొట్టంలో ఎక్కడో పగులు ఉన్నదని దానికి అర్థం. గొట్టం విలువ తక్కువ, వెతకడానికి ఓపిక కావలెను.

1990ల బి.ఎం.డబ్ల్యు. కార్లలో నీటి పంపు రెక్కలు, నీటి డబ్బా వంటి ప్లాస్టిక్ భాగాలు వేడికి పెళుసెక్కి పగులుతవి. నీరు కారి ఇంజను ఒక్కసారి కాగిపోతే హెడ్డు వంగుతుంది. అప్పుడు బాగుచేయడానికి అయ్యే ఖర్చు కారు ధరను మించవచ్చు. మన ఎండలలో ఉష్ణోగ్రత సూచిక ముల్లు మీద ఒక కన్ను ఉంచడం డ్రైవరుకు తప్పనిసరి అలవాటు కావలెను.

ఫోక్స్‌వ్యాగన్, ఓపెల్ ఇంజన్లు అనేకం టైమింగ్ బెల్టుతో నడుస్తవి. ఆ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగుతవి. అమ్మేవాడు "మొన్ననే మార్చాము" అంటే బిల్లు చూపమని అడగవలెను. బిల్లు లేకపోతే మార్చలేదనే భావించి, కొన్న వెంటనే మార్చుకొనవలెను.

అయిల్ కొనేటప్పుడు చిక్కదనం ఒక్కటే చూడరాదు. తయారీదారు ఆమోదించిన సంఖ్య డబ్బా మీద ఉన్నదో లేదో చూడవలెను. ఆ సంఖ్య కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చక్రాల విషయంలో కూడా ఒక తేడా ఉన్నది. జర్మన్ కార్లలో సాధారణంగా నట్టుకు బదులు బోల్టునే హబ్బులోకి బిగిస్తారు. పొడవు తేడాగా ఉన్న బోల్టు వేస్తే లోపలి భాగాలు దెబ్బతినవచ్చు, లేదా చక్రం వదులు కావచ్చు.

పెట్రోలు కార్లకు మరొక కొత్త చిక్కు వచ్చినది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం సర్వసాధారణమైనది. 1990ల నాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం తయారైనవి కావు. పాత పెట్రోలు కారు కొన్నవారు ఇంధన గొట్టాలన్నింటినీ ఇథనాల్‌ను తట్టుకొనే రకంతో మార్చించుకొనడం మేలు. పెట్రోలు వాసన వస్తే ఆ రోజే బండి ఆపి చూపవలెను. కారును నెలల తరబడి నిండు ట్యాంకుతో కదల్చకుండా ఉంచరాదు.

సరైన భాగం తెప్పించడం

జర్మన్ తయారీదారులు ప్రతి భాగానికి ఒక సంఖ్య ఇస్తారు. బెంజి భాగాల సంఖ్య "ఎ" అనే అక్షరంతో మొదలై పది అంకెలతో ఉంటుంది. ఒకే సంవత్సరపు ఒకే నమూనాలో సైతం రెండు రకాల బ్రేకులు ఉండవచ్చు. కనుక "ఇ 220కి బ్రేకు ప్యాడ్లు" అని అడగక, ఆర్.సి.లో ఉన్న చాసిస్ సంఖ్య చెప్పి, దానికి తగిన భాగపు సంఖ్య కనుగొని తెప్పించవలెను. అసలు భాగాలు తయారుచేసే బాష్, సాక్స్, మాలె, హెల్లా వంటి సంస్థలు అవే భాగాలను తమ సొంత పెట్టెలలో కూడా అమ్ముతవి. నక్షత్రం గుర్తు లేని ఆ పెట్టెలో నాణ్యత తగ్గదు, ధర తరచుగా తగ్గుతుంది. మా మేనల్లుడి కారుకు తీగల కట్ట ఈ విధంగానే చెన్నై వ్యాపారి ద్వారా ఆరు వారాలకు వచ్చినది.

ఈ సందర్భంలో ఒక చరిత్ర గుర్తు చేసుకొనదగినది. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1888లో ఆయన భార్య బెర్తా తన ఇద్దరు కుమారులతో ఆ బండిలో మాన్‌హైం నుండి ఫోర్జ్‌హైంకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినది. దారిలో ఇంధన గొట్టం మూసుకొనిపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసినది. బ్రేకులు అరిగితే ఒక చెప్పులు కుట్టేవానిచేత తోలు ముక్కలు కొట్టించినది. ఇంధనం మందుల దుకాణంలో కొన్నది. లోకంలో మొదటి దూర ప్రయాణం చేసిన కారు యజమానురాలే మొదటి దారి మెకానిక్కు కూడా. మన ఇండ్లలో కారు సంగతి మగవారిదేనని అనుకొనేవారు ఈ మాట ఆలోచించవలెను.

మరమ్మతు ఎంతవరకు, మార్పు ఎంతవరకు

తీగల కట్ట కోసం వేచి ఉన్న రోజులలో మా మేనల్లుడికి ఎవరో ఒక సలహా ఇచ్చారు. "ఈ ఇంజను తీసి పాత జీపు డీజిల్ ఇంజను పెట్టు, ఖర్చు తక్కువ, మైలేజి ఎక్కువ" అన్నారు. అతడు దాదాపు ఒప్పుకొన్నాడు. నేను చట్టం చూపించి ఆపవలసివచ్చినది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరి 9న కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును స్పష్టంగా సమర్థించినది. 2019లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఇంజను మార్చదలచినా, గ్యాసు కిట్టు పెట్టదలచినా, రంగు మార్చదలచినా ముందుగా రిజిస్ట్రేషను అధికారిని సంప్రదించి, ఆర్.సి.లో నమోదు చేయించుకొనవలెను. వికలాంగుల సౌకర్యం కోసం చేసే మార్పులకు చట్టంలో ప్రత్యేక అవకాశం ఉన్నది.

జరిమానా కంటె పెద్ద భయం ఇంకొకటి ఉన్నది. ప్రమాదం జరిగినప్పుడు, తెలియజేయకుండా చేసిన మార్పు బయటపడితే బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించే అవకాశం ఉన్నది. ఆ భారం కుటుంబం మొత్తం మీద పడుతుంది.

బండిని క్రిందికి దించడం, వెడల్పు చక్రాలు వేయడం, ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్చి బలం పెంచడం యువకులకు ఇష్టం. మన పల్లెల స్పీడు బ్రేకర్ల మీద దించిన కారు అయిల్ చాంబరు పగులుతుంది. బలం పెంచిన పాత ఇంజనులో ముందు క్లచ్చి, తరువాత టర్బో అరుగుతవి, పొగ పెరుగుతుంది. సీటు కవర్లు, పాటల పెట్టె, తయారీదారు చెప్పిన కొలతలోనే మంచి టైర్లు, మేలైన బ్రేకు ప్యాడ్లు – ఇవి నిరపాయమైన మెరుగులు. ముచ్చట తీర్చుకొనడానికి ఇవి చాలును.

సరిహద్దు వారికి కాగితాల సంగతి

మనది సరిహద్దు కనుక తమిళనాడు బండి ఇటు, ఆంధ్ర బండి అటు తిరగడం సహజం. వేరొక రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించవలెను. దానికి మొదటి రాష్ట్రపు ఆర్.టి.ఓ. కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం అవసరం. ఇక్కడ జీవితకాల పన్ను కట్టవలెను. కారు కొనే ధరలో ఈ పన్నును కలిపి లెక్కించనివారు తరువాత బాధపడుతున్నారు.

కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకొనవలెను. 2022 ఏప్రిల్ నుండి ఇందుకు కేంద్రం నిర్ణయించిన రుసుము 5,000 రూపాయలు, దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో చేసిన సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు అది 10,000, దిగుమతి కారుకు 80,000 అయినది. పూణేలో తయారైన బెంజి దిగుమతి కారు కాదు. విదేశం నుండి నేరుగా వచ్చినది మాత్రం ఈ పెద్ద రుసుము క్రిందికి వస్తుంది. రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను దీనికి అదనం.

50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలోనే ఉన్న బండ్లకు 2021లో కేంద్రం వేరే నియమాలు చేసినది. వాటికి "వి.ఎ." అక్షరాలతో ప్రత్యేక సంఖ్య ఇస్తారు. రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి 10 ఏళ్లు. వాటిని నిత్య ప్రయాణానికి గాని వ్యాపారానికి గాని వాడరాదు. తాతల నాటి బీటిల్ కారు కొట్టంలో ఉన్నవారు దానిని ఇనుము ధరకు అమ్మే ముందు ఈ సంగతి తెలుసుకొనవలెను.

మోజు విద్యగా మారవలెను

తమిళనాటి తెలుగువారిలో యంత్రాల మీద మక్కువకు పేరెన్నికగన్నవారు జి.డి. నాయుడు గారు. కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో 1893లో రైతు కుటుంబంలో జన్మించారు. యువకుడిగా ఒక అధికారి వద్ద చూసిన రడ్జ్ మోటారు సైకిలును తరువాత 300 రూపాయలకు కొని, మొత్తం విడదీసి మళ్లీ కూర్చారని ఆయన జీవిత కథ చెబుతున్నది. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించారు. జర్మనీ వెళ్లి అక్కడి యంత్ర విద్యను పరిశీలించారు. 1974లో కన్నుమూశారు. ఆయన పేరిట కోయంబత్తూరులో ఉన్న కార్ల ప్రదర్శనశాలను పిల్లలకు ఒకసారి చూపించవలసినది. కొన్న వస్తువును విప్పి తెలుసుకొనడంతోనే ఆయన జీవితం మలుపు తిరిగినది.

కారు కొనదలచిన కుటుంబానికి నా సలహా ఇది. కారు ధరకు సమానమైన సొమ్ములో కనీసం మూడోవంతు మొదటి సంవత్సరపు మరమ్మతులకు విడిగా ఉంచండి. ఆ సొమ్ము లేకపోతే కారు కొనడం వాయిదా వేయండి. బోరుకు, చదువుకు, పెళ్లికి దాచిన డబ్బు తాకవద్దు. ఆర్.సి., నిరభ్యంతర పత్రం, అప్పు తీరిన పత్రం, బీమా – ఈ నాలుగు కాగితాలు చేతికి రాకముందు బయానా ఇవ్వవద్దు. ఆ నమూనాను ఎరిగిన మెకానిక్కును వెంట తీసుకొని వెళ్లి, చల్లగా ఉన్న ఇంజనును మీ ఎదుటే స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన రోగాన్ని దాచుకొంటుంది.

మా మేనల్లుడి కారు ఇప్పుడు నడుస్తున్నది. ఆదివారాలలో అణ్ణాచ్చి షెడ్డుకు వెళ్లి పని నేర్చుకొంటున్నాడు. ఇంటి కారుకు అయిల్, ఫిల్టరు, బ్రేకులు తానే మారుస్తాడు. ప్రతి పనిని తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో వ్రాస్తాడు. బోరు మాత్రం ఒక సంవత్సరం ఆలస్యమై, ఆ ఏడు మిరప పంట ఎండినది. క్రిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు మా అక్క అన్నది: "కారు మంచిదే తమ్ముడూ. అయితే దానికి ముందు నీళ్లు రావలసినది." కొనబోయే ప్రతి ఇంటివారు ఆ మాటను ఒకసారి తమ ఇంటి లెక్కతో సరిచూసుకొనవలసినదిగా కోరుతున్నాను.